తాడిచెట్టు కొలత, గడప దాటిన పేర్లు

ముందుగా ఒక కొలబద్ద పెట్టుకుందాం. తాడిచెట్టు ఎత్తు 20 మీటర్లు. అంతకన్నా పెరిగినవీ ఉంటాయి, పొట్టివీ ఉంటాయి. మన లెక్కకు 20 చాలు. ఇక భిలాయి పవర్ హౌస్ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం అంచుకు కాస్త ఇవతల నిలబడి కిందికి చూడండి. మొదటి విజేత కళ్లముందే పడుకుని ఉంది.

రైలు పట్టా! భిలాయి ఉక్కు కర్మాగారం ఒక్క ముక్కగా 130 మీటర్ల పట్టా తీస్తుంది. ఆరున్నర తాడిచెట్లను వరుసగా పడుకోబెట్టినంత. అలాంటివి రెండు అతికి 260 మీటర్లు చేసి బండికెక్కిస్తుంది. అంటే 13 తాడిచెట్లు! ప్రపంచంలోనే అతి పొడవైన పట్టాల కోవలో దీనిది ముందు వరస. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అప్పటి నుంచి దేశంలో ఎవరు ఎక్కడికి రైలెక్కినా, ఎక్కడో ఒకచోట భిలాయి ఉక్కు మీదుగా పోవలసిందే.

పట్టాలు వేసిన ఊరివాళ్లం కదా, ఇవాళ ప్రయాణాల రికార్డులు తిరగేద్దాం. అందులోనూ ఆడవాళ్లవి.

అతి వేగంతో మొదలుపెడదాం. దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ 2024 సెప్టెంబర్ 16న మొదలైంది. 565 కిలోమీటర్లు, 8 గంటలు. తెల్లవారుజామున దుర్గ్‌లో ఎక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకు విశాఖలో దిగొచ్చు. రోజుకు 25 కిలోమీటర్లు నడిచే మనిషికి ఇదే దూరం దాదాపు 23 రోజులు.

మనవాళ్లలో అతి నిదానం, అతి దీర్ఘం, రెండు కిరీటాలూ ఒక్కరివే: ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న కాశీకి బయలుదేరారు. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా చూసుకుని, పూరీ మీదుగా సముద్రతీరం వెంట దిగివచ్చి 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరారు. మొత్తం 15 నెలల 15 రోజుల పైచిలుకు! వెంట నూరు మంది దాకా పరివారం, పల్లకీలు, డేరాలు. దేశంలో ఒక్క అడుగు రైలు పట్టా కూడా లేని కాలం. బొంబాయి–ఠాణా మధ్య 34 కిలోమీటర్ల తొలి ప్రయాణికుల బండి కదలడానికి ఇంకా 22 ఏళ్లుంది. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. తెలుగులో యాత్రాగ్రంథాలన్నిటికీ పెద్దన్న అది.

ఆ పరివారంలో ఇంటి ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లూ అదే ఎండలో, అవే నదులు దాటి కాశీ చూసి వచ్చారు. వాళ్ల కళ్లకు ఏం కనిపించిందో చెప్పే పుస్తకం మాత్రం లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ మళ్లీ అవసరపడుతుంది. ప్రయాణం రికార్డు కావాలంటే నడిస్తే చాలదు, ఎవరో రాసిపెట్టాలి.

మన గడ్డ మీద అతి పాత రికార్డు కావాలా? 3వ శతాబ్దం, నాగార్జునకొండ. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో బోధిసిరి అనే ఉపాసిక తామ్రపర్ణి నుంచి, అంటే సింహళం నుంచి వచ్చిన బౌద్ధాచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. కాశ్మీరం, గాంధారం, చీనా దేశాల్లో ధర్మం చాటిన పరంపర వారిదని శాసనంలో చెక్కించింది. బాటసారులకు నీడనిచ్చిన ఆడమనిషి పేరు రాతిమీద 1,700 ఏళ్లుగా చెరగకుండా నిలిచింది. ఇంతకన్నా గట్టి రిజిస్టరు ఉంటుందా?

ఛత్తీస్‌గఢ్ జవాబు 7వ శతాబ్దపు సిర్పూర్. మగధ రాజు సూర్యవర్మ కూతురు వాసట దక్షిణ కోసల రాజు హర్షగుప్తుడి భార్యగా ఇంత దూరం వచ్చింది. భర్త పోయాక ఆయన జ్ఞాపకంగా ఇటుకలతో గుడి కట్టించింది. అదే ఇవాళ్టి లక్ష్మణ దేవాలయం. చుట్టుపక్కల గుళ్లు కూలిన చోట ఈ ఇటుకగుడి నిలబడింది! ఆ శతాబ్దంలోనే చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ కోసల దేశం చూసి, పెద్ద అడవి గుండా దక్షిణంగా 900 'లీ'లు నడిచి ఆంధ్రదేశం చేరానని రాసుకున్నాడు. సుమారు 450 కిలోమీటర్లు. మన వేసవి సెలవుల ప్రయాణానికి ఇదే ముత్తాత.

ఇక సముద్రం. అతి బరువైన ఓడప్రయాణం 'ట్రూరో'ది. 1860 అక్టోబరులో మద్రాసు రేవు వదిలి నవంబర్ 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 342 మంది. తెలుగువాళ్లు, తమిళులు, ఆడవాళ్లు, పిల్లలు. ఎవరూ దేశం చూడ్డానికి పోలేదు, చెరుకు తోటల్లో కూలికి పోయారు. రిజిస్టరులో ఒక్కొక్కరికి ఒక్కో నంబరు. అంతకుముందే, 1830ల నుంచే, కోరంగి తీరం తెలుగువాళ్లు మారిషస్‌కు పోయారు. అక్కడ వాళ్లను పిలిచిన పేరే 'కోరంగీలు'. తొలి తెలుగు సముద్రయాత్రికురాలు ఎవరంటే బహుశా ఇలాంటి ఓడలోనే, చంకలో బిడ్డతో కూర్చుని ఉంటుంది. కిరీటం ఆమెదే. తొడగడానికి పేరు లేదు.

టూరిజం వ్యాపారానికి తొలి టికెట్టు ఒక్క షిల్లింగు! 1841 జులై 5న థామస్ కుక్ ఇంగ్లండులో లెస్టర్ నుంచి లఫ్‌బరోకు దాదాపు 500 మందిని రైలెక్కించాడు. దూరం 18 కిలోమీటర్లు, పవర్ హౌస్ నుంచి రాయపూర్ అంత కూడా లేదు. అదే కుక్ 1872లో ఒక బృందాన్ని వెంటబెట్టుకుని 222 రోజుల్లో భూగోళం చుట్టి వచ్చాడు. దారిలో మన దేశమూ చూపించాడు.

కుక్ బృందం ఇల్లు చేరిన ఏడాదే, 1873లో, మద్రాసు నుంచి ఒక తెలుగావిడ ఇంగ్లండు బయలుదేరారు. ఇక్కడ కాస్త నిలబడదాం. ఈ జాబితాలో నాకు అందరికన్నా పెద్దపీట ఈమెదే.

పోతం జానకమ్మ రాఘవయ్య. భర్తతో కలిసి ఓడెక్కారు, లండను చూశారు, చూసింది తెలుగులో రాశారు, ఆపైన ఇంగ్లీషులోకి తెచ్చి 1876లో మద్రాసులో అచ్చువేశారు. పేరు 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్'. సీమ చూసివచ్చి పుస్తకం రాసిన భారతీయ స్త్రీలలో ఈమెది తొలి వరస. ఎంత ముందో అంకెల్లో చూడండి. కృష్ణభావినీ దాస్ బెంగాలీలో రాసిన ఇంగ్లండు పుస్తకం 1885: తొమ్మిదేళ్లు వెనక. ఆనందీబాయి జోషి అమెరికాకు, పండిత రమాబాయి ఇంగ్లండుకు ఓడెక్కింది 1883: పదేళ్లు వెనక. ఇంటి దగ్గర లెక్క ఇంకా ఆశ్చర్యం. జానకమ్మ బయలుదేరిన మరుసటి ఏడాది, 1874లో, సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు, వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు. రాజమండ్రిలో తొలి వితంతు వివాహం 1881 డిసెంబర్ 11న. ఇటు ఆడపిల్లకు పలక ఇవ్వాలా వద్దా అని పెద్దలు తగవులాడుతున్నారు. అటు ఒకావిడ సూయజ్ కాలవ కాలంలో సీమ చూసి, చూసినదాన్ని పుస్తకం చేస్తున్నారు!

సూయజ్ అన్నాను కదా, దాని లెక్కా చెప్పాలి. 1869 నవంబర్ 17న తెరిచారు. పొడవు అప్పట్లో 164 కిలోమీటర్లు. బొంబాయి–లండన్ దారిలో తగ్గించింది దాదాపు 8,000 కిలోమీటర్లు. తవ్వినదానికి దాదాపు 49 రెట్లు ఆదా! నెలల తరబడి ఓడలో పడి ఉండలేక ఆగిపోయినవాళ్లకు ఈ కాలవ తలుపు తీసింది.

ఎదురు దిక్కు నుంచి, అంతకుముందే, మన ఊళ్లకు వచ్చిన ఆవిడ జూలియా మెయిట్‌లాండ్. 1836 చివర్లో మద్రాసులో దిగింది. జడ్జిగా ఉన్న భర్తతో రాజమండ్రిలో కాపురం పెట్టింది, బడి నడిపింది, తెలుగు నేర్చుకుంది, ఇంటికి ఉత్తరాలు రాసింది. అవి 1843లో లండనులో పుస్తకమయ్యాయి. గోదావరి ఒడ్డు బతుకును ఒక ఆడమనిషి కంటితో చూపిన పుస్తకాల్లో అతి పాతవాటిలో ఒకటి. అట్ట మీద రచయిత్రి పేరుండాల్సిన చోట ఉన్నది 'ఒక స్త్రీ' అన్న మాటే.

పేరు దాచుకోవడంలో ప్రపంచ విజేత ఫ్రాన్స్ దేశపు జాన్ బారె. 1760లలో మగవేషం వేసుకుని, మగపేరు పెట్టుకుని, బూగన్‌విల్ ఓడల్లో మొక్కలు ఏరే పనికి చేరింది. 1775 ప్రాంతంలో ఫ్రాన్సు తిరిగి చేరేసరికి భూగోళం చుట్టిన తొలి స్త్రీ అయింది. పట్టింది దాదాపు ఎనిమిదేళ్లు.

ఎనిమిదేళ్ల పనిని 72 రోజులకు కుదించింది అమెరికా పత్రికా విలేకరి నెల్లీ బ్లై! 1889 నవంబర్ 14న న్యూయార్క్ దగ్గర ఓడెక్కి, 1890 జనవరి 25న తిరిగొచ్చింది. సరిగ్గా 72 రోజుల 6 గంటల 11 నిమిషాలు. కుక్ బృందం కన్నా 150 రోజులు తక్కువ. సామాను ఒక్క చేతిసంచి. దూరం సుమారు 40,000 కిలోమీటర్లు, రోజుకు సగటున 550 పైనే. అంటే 72 రోజుల పాటు రోజూ దుర్గ్‌లో ఎక్కి విశాఖలో దిగినట్టు! నెల్లీ బ్లై కూడా కలంపేరే. అసలు పేరు ఎలిజబెత్ కాక్రన్.

అతి దూరం ఆస్ట్రియా ఇల్లాలు ఐడా ఫైఫర్‌ది. పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా ఆగి, 44 ఏళ్లకు ఇల్లు కదిలింది. 1846 నుంచి 1855 లోపు రెండుసార్లు భూమి చుట్టింది. మొత్తం నేల మీద 32,000, నీటి మీద 2,40,000 కిలోమీటర్లు. భూమధ్యరేఖ వెంట దాదాపు ఏడు చుట్లు. కలకత్తా, కాశీ, ఢిల్లీ, ఎల్లోరా, అన్నీ ఆమె దారిలోవే.

సైకిలు మీద? అమెరికా నుంచి వచ్చిన ఫానీ బులక్ వర్క్‌మన్. 1890ల చివర్లో భర్తతో కలిసి మన దేశంలో తొక్కింది 14,000 మైళ్లు, అంటే 22,500 కిలోమీటర్లు. దుర్గ్–విశాఖ దూరం 40 సార్లు. తారు రోడ్డు లేదు, గేరు లేదు, ఒంటి మీద పొడవాటి గౌను. అది చాలక 1906లో హిమాలయాల్లో 6,930 మీటర్ల పినకిల్ పీక్ ఎక్కి, ఎత్తులో అప్పటి ఆడవాళ్ల రికార్డు పట్టుకుంది. 346 తాడిచెట్లు!

ఇప్పుడు ఇంటికి వద్దాం. ఈ జాబితాలో మనకు అతి దగ్గరి విజేత పవర్ హౌస్ నుంచి దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో, బిలాస్‌పూర్‌లో ఉండేవారు. పేరు భండారు అచ్చమాంబ.

1874లో కృష్ణా జిల్లాలో పుట్టారు. చదువు చెప్పించకుండానే చిన్నతనంలో పెళ్లి చేశారు. భర్తకు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఇంజనీరు కొలువు, కాపురం ఈ వైపుకు మారింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్షరాలు పట్టారు. తెలుగు, హిందీ, మరాఠీ, ఇంగ్లీషు, ఒక్కొక్కటే వశం చేసుకున్నారు. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువడింది. గొప్ప స్త్రీల జీవితాలు ఏరి కూర్చిన ఇలాంటి పుస్తకం తెలుగులో అదే మొదటిది. ఆడవాళ్ల పేర్లు పోతున్నాయని గట్టిగా పట్టుకున్న చెయ్యి ఆమెది. 1902లో హిందూసుందరి పత్రికలో 'ధనత్రయోదశి' కథ. అదే ఏడాది ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం. ఆపైన ఊరూరా తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించడం. గుళ్లు చూడ్డానికీ కాదు, చుట్టాలింటికీ కాదు, తోటి ఆడవాళ్లను కూడగట్టడానికి పర్యటించిన తెలుగు స్త్రీలలో ఆమె తొలి పేరు.

ఆ తిరుగుళ్లకు ఆమెకు దొరికిన రైలు దారులేమిటి? నాగపూర్–ఆసన్‌సోల్ మెయిన్ లైను బిలాస్‌పూర్ మీదుగా 1891లో కలిసింది. మనం నేడు బొబ్బిలికీ విజయనగరానికీ పోయే పార్వతీపురం–రాయపూర్ దారి మాత్రం 1931లో గాని పూర్తికాలేదు. అచ్చమాంబ 1905 జనవరి 18న, 30 ఏళ్లకే కన్నుమూశారు. అంటే ఆమె పోయిన 26 ఏళ్లకు ఆ దారి పడింది. మనం ఒక రాత్రి పడుకుని లేచే దూరం ఆమెకు చుట్టుదారి. అతి తక్కువ ఆయుష్షు, అతి ఎక్కువ పని: ఈ కిరీటం ఆమె దగ్గర్నుంచి ఎవరు తీసుకోగలరు?

తర్వాత వరస గబగబా. సరోజినీ నాయుడు హైదరాబాదు నుంచి నిజాం స్కాలర్‌షిప్పుతో 1895లో, 16 ఏళ్లకు, ఇంగ్లండు చదువుకు. అదే ఊరి ఉర్దూ రచయిత్రి సుగ్రా హుమాయూన్ మీర్జా 1920లలో యూరప్ తిరిగి యాత్రాగ్రంథం రాశారు, 1934లో ఆడపిల్లల బడి పెట్టారు. రుక్మిణీ లక్ష్మీపతి 1926లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ స్త్రీల ఓటుహక్కు మహాసభకు, 1930లో వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహానికి, అక్కడి నుంచి జైలుకు, 1946లో మద్రాసు మంత్రి పదవికి. ఇన్ని మజిలీల ప్రయాణం ఇంకొకటి చూపించండి!

రెండు చక్రాల మీద మన రికార్డు 2018ది. జై భారతి ముందుండగా హైదరాబాదు నుంచి నలుగురు ఆడవాళ్లు మోటారు సైకిళ్లపై ఆరు దేశాలు చుట్టి వచ్చారు. మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం, మన దేశం. 56 రోజులు, 17,000 కిలోమీటర్లు. రోజుకు 300 పైనే. దుర్గ్–విశాఖ దూరం 30 సార్లు. వారిలో ఒకరు తెలంగాణ పోలీసు!

చక్రమే లేకుండా? సామర్లకోట గోలి శ్యామల. 2021లో శ్రీలంక నుంచి రామేశ్వరం తీరానికి పాక్ జలసంధిలో దాదాపు 30 కిలోమీటర్లు ఈదారు. 13 గంటల 43 నిమిషాలు, 47 ఏళ్ల వయసులో.

ఇక పైకి చూడండి. బస్తర్‌లో చిత్రకోట్ జలపాతం ఎత్తు 29 మీటర్లు, ఒకటిన్నర తాడిచెట్టు. వానాకాలంలో వెడల్పు 300 మీటర్లు, 15 తాడిచెట్లు పడుకోబెట్టినంత. దూకే నీరు ఇంద్రావతిది, చివరికి చేరేది మన గోదావరిలో. అదే బస్తర్ బిడ్డ నైనా సింగ్ ధాకడ్ 2021లో ఎవరెస్టు, లోత్సే రెండూ పదిరోజుల వ్యవధిలో ఎక్కింది. 442 తాడిచెట్లు, ఆపైన 426!

అతి పిన్న వయసు కిరీటం మాలావత్ పూర్ణది. నిజామాబాద్ జిల్లా పాకాల తండా, వ్యవసాయ కూలీల ఇల్లు, గురుకుల పాఠశాల చదువు. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. వయసు 13 ఏళ్ల 11 నెలలు! ఆ శిఖరం చేరిన అమ్మాయిలలో అంతకన్నా చిన్నది లేదు. 1975లో తొలి స్త్రీగా శిఖరమెక్కిన జపాన్ జుంకో తబెయికి అప్పుడు 35 ఏళ్లు. పూర్ణ అక్కడితో ఆగలేదు, 2022 నాటికి ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలన్నీ ముగించింది.

వయసులో రెండో కొస కూడా చూడాలి. ఫ్రాన్స్ యాత్రికురాలు అలెగ్జాండ్రా డేవిడ్ నీల్ 1924లో 55 ఏళ్ల వయసులో, బిచ్చగత్తె వేషంలో నిషిద్ధ నగరం లాసా చేరింది. నూరేళ్లు నిండాక పాస్‌పోర్టు మళ్లీ రెన్యూ చేయించుకుంది!

అన్నిటికన్నా ఎత్తు బండ్ల శిరీషది. గుంటూరు జిల్లా మూలాలు, అమెరికాలో పెంపకం. 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ 'యూనిటీ 22'లో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. 4,300 తాడిచెట్లు, ఒకదాని మీద ఒకటి! ఎవరెస్టులయితే దాదాపు పది. మూడేళ్లకు, 2024 మే 19న, విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ బ్లూ ఆరిజిన్ రాకెట్టులో వెళ్లి భారతీయుల్లో తొలి అంతరిక్ష టూరిస్టు అయ్యారు. ఆ దారిలో తెలుగు అడుగు ముందు పడింది ఆడమనిషిది.

కాశీకి 15 నెలలు, అంతరిక్షం అంచుకు గంటన్నర లోపు. మధ్యలో 190 ఏళ్లు.

ఇంకొక కిరీటం మిగిలింది. అది పవర్ హౌస్‌ది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక ఇక్కడ ప్లాంటు లేచింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి జనం బండ్లెక్కి దిగారు. మగవాళ్ల వివరాలు ఏదో ఒక హాజరు పుస్తకంలో ఉంటాయి. వెనకాల ఇత్తడి బిందె, మూట, చంటిపిల్ల పట్టుకుని, హిందీ ఒక్క ముక్క రాకుండా ఈ ప్లాట్‌ఫాం మీద దిగిన ఆడవాళ్లు ఏ పుస్తకంలో ఉన్నారు? వాళ్లలో మొదట దిగిందెవరు? ఆ కిరీటం ఖాళీగానే ఉంది.

మీ ఇంట్లో మామ్మో అమ్మమ్మో ఉంటే ఈ వారమే అడగండి. ఏ ఊరి నుంచి, ఏ ఏడాది, ఏ బండిలో వచ్చింది, టికెట్టు ఎంత, మూటలో ఏం తెచ్చుకుంది, దిగగానే మొదట ఎవరితో మాట్లాడింది. ఆమె పూర్తి పేరు ఇంటిపేరుతో సహా పైన రాసి, కింద తేదీ వేసి దాచండి.